మారువేషం ఎందుకు వేశారు?

1955వ సంవత్సరపు తెలుగు సినిమా అనగానే అభ్యుదయ సాహిత్యం చదువుకున్నవాళ్ళకు మొదట గుర్తొచ్చేది 'రోజులు మారాయి'. తాపీ చాణక్య తీసిన ఆ చిత్రంలో రైతులున్నారు, భూమి ఉంది, దానికోసం పోరు ఉంది. మన విమర్శకు అలవాటైన కొలబద్దలన్నీ దానికి సరిపోతాయి. అదే ఏడాది జనవరి 12న 'మిస్సమ్మ' వచ్చింది. జనం దాన్ని మళ్ళీ మళ్ళీ చూశారు. మనం మాత్రం దాన్ని 'కాలక్షేపం' అన్న ఒక్క మాటతో పక్కన పెట్టాం. పాతకాలపు మురిపెం కొద్దీ మాట్లాడేవాళ్ళు ఇంకొక మాట అంటారు: 'ఆరోగ్యకరమైన హాస్యం'. ఈ రెండు మాటల్లోనూ విమర్శ లేదు. ఒకటి చూడకుండా తోసెయ్యడం, రెండోది చూడకుండా మెచ్చుకోవడం.

కుటుంబంలో ఒకరిని ఇంకొకరుగా పొరబడడం, పెళ్ళికానివాళ్ళు మొగుడూపెళ్ళాలుగా నటించడం, మొగుడూపెళ్ళాలు పరాయివాళ్ళుగా నటించడం, గొప్పింటి కొడుకు పనివాడుగా చేరడం - 1950ల దశకంలోనూ 1960ల ఆరంభంలోనూ తెలుగు హాస్యచిత్రం ఈ నాలుగైదు ఉపాయాల మీదనే బతికింది. వీటిని చూసి నవ్వేవాడు కథ గురించి ఒకే ప్రశ్న వేసుకుంటాడు: ఈ మారువేషం ఎప్పుడు బయటపడుతుంది? విమర్శకుడు అంతకుముందు వేసుకోవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. అసలు ఈ మారువేషం వెయ్యవలసిన అవసరం ఎందుకు వచ్చింది?

ఈ ప్రశ్న వేసుకోవడానికి పుత్తూరు మంచి చోటు. రేణిగుంట నుంచి అరక్కోణం పోయే రైలుదారిలో ఉన్న ఊరిది. ఇక్కడివాళ్ళకు మద్రాసు 'పట్నం'. ఆ పట్నం హైదరాబాదు కంటే ఎన్నో రెట్లు దగ్గర. ఊరికి దక్షిణంగా తిరుత్తణి ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు అది చిత్తూరు జిల్లాలో ఉండేది. సరిహద్దు తగాదా మీద పటాస్కర్ ఇచ్చిన తీర్పు ననుసరించి 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికి పోయింది. ఈ పదేళ్ళూ మద్రాసు ఎవరిది, తిరుత్తణి ఎవరిది అని రెండు భాషలవాళ్ళూ కొట్లాడుకుంటుంటే, ఆ మద్రాసులోనే వాహినీ స్టూడియోలో ఒకే కథను ఒకే సెట్టు మీద రెండు భాషల్లో తీస్తున్నారు. తెలుగు 'మిస్సమ్మ' వచ్చిన రెండు రోజులకు, జనవరి 14న, తమిళంలో 'మిస్సియమ్మ' వచ్చింది. సావిత్రి రెండింట్లోనూ ఉంది. తెలుగులో రామారావు ఉన్నచోట తమిళంలో జెమినీ గణేశన్ ఉన్నాడు. తెలుగూ తమిళమూ రెండూ వీధిలో వినిపించే ఈ సరిహద్దు ఊళ్ళల్లో ప్రేక్షకుడు ఒకే కథను రెండు వేషాల్లో చూడగలిగేవాడు.

కథ కట్టినవాడికి కూడా ఈ జిల్లాతో సంబంధం ఉంది. చక్రపాణి అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. తెనాలివాడు. యవ్వనంలో క్షయ వచ్చి మదనపల్లె శానిటోరియంలో చేరాడు. ఆరోగ్యవరంలోని ఆ ఆసుపత్రిని క్రైస్తవ మిషన్లు కలిసి పెట్టాయి. దేశం నలుమూలల నుంచీ రోగులు అక్కడికి వచ్చేవాళ్ళు. అక్కడ మంచం పట్టి ఉన్న రోజుల్లోనే ఆయన బెంగాలీ నేర్చుకున్నాడు. తరువాత శరత్‌బాబు నవలలు తెలుగు చేశాడు. మన మధ్యతరగతి ఇళ్ళలో శరత్ తెలుగు రచయిత అయిపోవడానికి ఆయన పని ఒక ముఖ్యకారణం. 'మిస్సమ్మ'కు మూలం కూడా బెంగాలీదే. రవీంద్రనాథ్ మైత్ర రాసిన 'మాన్మొయీ గర్ల్స్ స్కూల్' అనే నాటకం 1935లో బెంగాలీలో సినిమాగా వచ్చింది. ఒక మిషన్ ఆసుపత్రిలో నేర్చుకున్న భాష నుంచి ఒక క్రైస్తవ పిల్ల కథ తెలుగుకు రావడం యాదృచ్ఛికమే. దానిమీద సిద్ధాంతమేమీ కట్టనక్కరలేదు. కాని చరిత్ర రాసేవాడు ఇలాంటివి వదలకూడదు.

ఇక కథ. మేరీ చదువుకున్నది. ఎం.టి. రావు చదువుకున్నాడు. ఇంగ్లీషులో పలికితే ఖాళీ అనే అర్థం వచ్చే పేరు అతనిది. ఇద్దరికీ నిలకడైన ఉద్యోగం లేదు. అప్పాపురం జమీందారు తన బడికి పట్టభద్రులైన దంపతులు కావాలని పత్రికలో ప్రకటిస్తాడు. దంపతులే కావాలి. విడిగా ఎవరు పోయినా ఉద్యోగం లేదు. అటు మేరీకి డేవిడ్ అనేవాడి బాకీ ఉంది. బాకీ తీర్చకపోతే పెళ్ళి చేసుకోమని వాడు వెంటపడుతున్నాడు. కనుక వీళ్ళిద్దరూ దంపతులుగా నటించడానికి ఒప్పందం చేసుకుంటారు.

ఒక్క క్షణం ఇక్కడ ఆగాలి. రెండున్నర గంటలు మనల్ని నవ్వించే మారువేషానికి కారణం చిలిపితనం కాదు, ప్రేమ కాదు. నిరుద్యోగం, అప్పు - ఈ రెండే. అందులోనూ అప్పు ఆడదానికి ఒక రకంగా, మగవాడికి ఇంకొక రకంగా ఉంటుంది. రావుకు డబ్బు లేకపోతే ఆకలి. మేరీకి డబ్బు లేకపోతే పెళ్ళి. అప్పు తీర్చలేని ఆడదాని శరీరమే వడ్డీ అవుతుంది. డేవిడ్‌ను రమణారెడ్డి వేశాడు గనుక మనం నవ్వుతాం. ఆ పాత్రలో ఇంకెవరినైనా ఊహించుకుంటే నవ్వు ఆగిపోతుంది.

జమీందారును కూడా ఈ చూపుతో చూడాలి. 1955లో జమీందారు ఎక్కడున్నాడు? 1948 నాటి మద్రాసు ఎస్టేటుల రద్దు చట్టంతో జమీందారీలు పోయాయి. పుత్తూరు పక్కనే కార్వేటినగరం ఉంది. ఒకప్పుడు పేరుమోసిన జమీందారీకి ముఖ్యపట్టణం. ఆ పేరు వింటే ఇక్కడివాళ్ళకు జమీందారంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు: శిస్తు, కచేరీ, పాళెం, పరివారం. అప్పాపురం జమీందారు దగ్గర ఇవేవీ కనిపించవు. ఉన్నది ఒక ఇల్లు, ఒక భార్య, ఒక కూతురు, తప్పిపోయిన పెద్దకూతురు జ్ఞాపకార్థం పెట్టిన ఒక బడి. ఎస్.వి. రంగారావు ఆయన్ను ఎంత మంచివాడుగా చేశాడంటే, ఇలాంటి మనిషి మీద చట్టం చెయ్యవలసిన అవసరం ఎందుకొచ్చిందా అనిపిస్తుంది. శిస్తు వసూలు చేసే అధికారం పోయిన తరువాత జమీందారు చిత్రంలోకి దాతగా తిరిగివచ్చాడు. భూమి మీద ఓడినవాడు తెరమీద అందరికీ నాన్నగారయ్యాడు. 'రోజులు మారాయి'ని మెచ్చుకున్న మనం ఈ మార్పును కూడా చూసి ఉండవలసింది. ఎందుకంటే రోజులు మారడమంటే ఇది కూడా.

ఇప్పుడు తమాషా చూడండి. నటన మొదలైన తరువాత ఈ ఇంట్లో అందరికంటే నిజం మాట్లాడేది నటిస్తున్న మేరీయే. ఆమెకు కోపం వస్తుంది. జమీందారు భార్య చేసే ఆచారాలన్నీ ఆమె మీద ప్రేమతో రుద్దుతుంటే కోపం. రావు వాళ్ళ చిన్నకూతురుకు పాట నేర్పుతుంటే కోపం. ఆ కోపాన్ని సినిమా 'మిస్సమ్మ కోపం' అని ముద్దు చేస్తుంది. రావు మాత్రం చల్లగా ఉంటాడు. ఆయన చల్లగా ఉండగలడు, ఎందుకంటే ఈ నాటకంలో ఆయన పోగొట్టుకునేది ఏమీ లేదు. పేరు మారలేదు, దేవుడు మారలేదు, బొట్టు పెట్టుకోనక్కరలేదు. మేరీకి అన్నీ మారాలి. సావిత్రి ఈ తేడాను ఎంత సూక్ష్మంగా పట్టుకుందో చూడాలంటే మాటలు వదిలి ఆమె ముఖం చూడాలి. నవ్వించవలసిన చోట ఆమె నవ్వించడానికి ప్రయత్నించదు. నిజంగా మండిపడుతుంది. మనం నవ్వుతాం.

ఆ పాత్ర మొదట భానుమతిది. కొన్ని రీళ్ళు తీసిన తరువాత చక్రపాణికీ ఆమెకూ పట్టింపు వచ్చింది. ఆమె తప్పుకుంది. చిన్నకూతురు వేషానికి అనుకున్న సావిత్రి మేరీ అయింది. జమున సీత అయింది. అదే రోజుల్లో భానుమతి తమ భరణీ సంస్థ మీద 'చక్రపాణి' అనే సినిమా తీసింది. 1954లో వచ్చింది. పేరులోనే చురక ఉందని సినీలోకం చెప్పుకుంటుంది. చురక సంగతి ఎలా ఉన్నా ఆ సినిమా మన విషయానికి చాలా దగ్గర. అందులో చక్రపాణి ఒక పిసినిగొట్టు తాత. మునిమనవణ్ణి మొదట ఎవరు కంటే వాళ్ళకు సొమ్ము అంటాడు. సి.ఎస్.ఆర్. వేసిన ఆ తాతకోసం ఇంట్లో అరువు పిల్లవాడూ, అరువు మొగుడూ తయారవుతారు. ఇక్కడ మారువేషానికి కారణం వారసత్వం. ఆడదాని గర్భానికి తాత వెలకట్టాడు, మనవరాలు ఆ వెలను మోసంతో రాబట్టింది. ఈ కథను ఒక స్త్రీ సొంత సంస్థలో తాను ముఖ్యపాత్ర వేసి తెరమీదికి తేవడం, ఆమే తరువాత 'అత్తగారి కథలు' రాయడం - ఈ రెండింటినీ కలిపి ఎవరైనా విద్యార్థి ఒక పరిశోధన చేస్తే బాగుంటుంది.

దీనికంటే ముందు 1952 ఫిబ్రవరి 29న 'పెళ్ళిచేసి చూడు' వచ్చింది. ఎల్.వి. ప్రసాద్ దర్శకుడు. 'మిస్సమ్మ'కూ ఆయనే. ఇక్కడ కారణం కట్నం. కట్నం ముట్టలేదని పెళ్ళికొడుకు తండ్రి పేచీ పెడతాడు. కట్టుకున్న మొగుడూపెళ్ళాలు ఒకచోట బతకడానికి మొగుడు పిచ్చివాడుగా, పెళ్ళాం అతనికి నర్సుగా నటించవలసివస్తుంది. పిచ్చి నటించినప్పుడే వాడికి తండ్రి ముందు నిజం చెప్పే స్వేచ్ఛ దొరుకుతుంది. వరకట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో. తొమ్మిదేళ్ళ ముందే, విజయావాళ్ళ హాస్యచిత్రం కట్నం అడిగే తండ్రిని ఊరంతా నవ్వేలా చేసింది. మన కథకులు కట్నం మీద రాసిన కన్నీటి కథల్లో ఎన్నో నేడు చదవడానికి కూడా వీల్లేకుండా ఉన్నాయి. ఈ సినిమా నిలిచింది. కన్నీటికి కట్నం తీసుకునేవాడు అలవాటు పడతాడు, నవ్వుకు అలవాటు పడడం అంత సులభం కాదు.

ఈ ఉపాయం సినిమావాళ్ళు కనిపెట్టింది కాదు. గురజాడ 'కన్యాశుల్కం'లో కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లుకు అమ్ముతాడు. మేనకోడలును ముసలివాడి నుంచి కాపాడడానికి. ఆ మారువేషం ఎంత లోతైనదంటే, అమ్మకానికి పెట్టినది ఆడపిల్లో మొగపిల్లాడో కూడా కొనేవాడికి తెలియదు. బేరం మాత్రమే తెలుసు. చివర మధురవాణి మగవేషంలో సౌజన్యారావు ఇంటికి వెళ్తుంది. అక్కడ ఆమె వేషం తీసినప్పుడు బయటపడేది ఆమె రహస్యం కాదు, పెద్దమనిషి నీతికి ఉన్న హద్దు. వేషంతో లోకాన్ని బయటపెట్టడమంటే అది. తరువాత కాళ్ళకూరి నారాయణరావు 'వరవిక్రయం'లో బేరాన్ని మగపెళ్ళివారి వైపు నుంచి చూపాడు. ఆ నాటకం 1939లో సినిమా అయినప్పుడు భానుమతి మొదటిసారి తెరమీద కనిపించింది. ఇంకొక విశేషం: 'మిస్సమ్మ' వచ్చిన 1955లోనే, ఆగస్టులో, పి. పుల్లయ్య 'కన్యాశుల్కం' వచ్చింది. రామారావు గిరీశం, సావిత్రి మధురవాణి. జనవరిలో అప్పు బాధ తప్పించుకోవడానికి పెళ్ళాం వేషం వేసిన నటి, ఆగస్టులో పెళ్ళి అనే బేరాన్నే ఎగతాళి చేసే వేశ్య అయింది. ఒకే ఏడాది ఒకే జంట మీదుగా ఈ రెండు దారులూ పోయాయి. మన సినిమా చరిత్రలు ఈ రెండింటినీ ఒకే పేజీలో పెట్టవు.

గురజాడకూ విజయావాళ్ళకూ ఎక్కడ తేడా వచ్చింది? ముగింపులో. మేరీ నిజానికి మేరీ కాదని, చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు పెద్దకూతురు మహాలక్ష్మి అని తేలుతుంది. అక్కినేని వేసిన అరకొర డిటెక్టివు రాజు ఒంటిమీది గుర్తుతో ఆ సంగతి కనిపెడతాడు. దాంతో అన్ని చిక్కులూ విడిపోతాయి. ఉద్యోగం అక్కరలేదు, అప్పు అప్పు కాదు, మతం మతం కాదు. ఆ తరువాతే పెళ్ళి.

1955 జనవరిలో ఈ ముగింపుకు ప్రత్యేకమైన అర్థం ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. ప్రత్యేక వివాహ చట్టాన్ని పార్లమెంటు 1954లో చర్చించి ఆమోదించింది. అది అమలులోకి వచ్చిన తేదీ 1955 జనవరి 1. అంతకుముందు 1872 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద హిందువూ క్రైస్తవురాలూ పెళ్ళిచేసుకోవాలంటే తాము ఆ మతాలకు చెందమని ప్రకటించాలి. లేదా క్రైస్తవ వివాహ చట్టం కింద ఫాదిరీ ముందుకో రిజిస్ట్రారు ముందుకో పోవాలి. కొత్త చట్టం ఎవరి మతం వాళ్ళు ఉంచుకొని, ముందుగా నోటీసు ఇచ్చి, వివాహాధికారి ముందు సంతకాలు పెట్టి పెళ్ళిచేసుకోవచ్చునన్నది. రావు రావుగా, మేరీ మేరీగా. ఈ చట్టం అమలులోకి వచ్చిన పదకొండు రోజులకు విడుదలైన సినిమాలో మేరీ మహాలక్ష్మి అయింది.

విజయావాళ్ళు చట్టాన్ని చూసి కథ మార్చారని నేను అనడంలేదు. సినిమా తయారీ ఎంతో ముందే మొదలైంది. నేననేది ఇంతే: దేశం మతం మారకుండా పెళ్ళికి చట్టం చేస్తున్న రోజుల్లోనే, ఆ పెళ్ళి సాధ్యమేనని రెండున్నర గంటలు మనకు చూపి, మనచేత ఒప్పించి, ప్రేక్షకుడు కూడా సరేననుకున్న తరువాత, చివరి క్షణంలో ఆ సినిమా పుట్టుకను తెచ్చి అడ్డం పెట్టింది. ఆ అవసరం ప్రేక్షకుడికి లేదు. అంతసేపూ మేరీని చూసి ముచ్చటపడినవాడు ఆమె మహాలక్ష్మి అని తెలిసినందుకు కొత్తగా ఏమీ ఆనందించడు. నేల టిక్కెట్టు మనిషి కంటే సినిమా ఒక అడుగు వెనక ఉంది.

పుత్తూరు పేరు చెబితే తెలుగు, తమిళ జిల్లాలన్నిట్లోనూ గుర్తొచ్చేది కట్టు. విరిగిన ఎముకను సరిచేసి, ఆకు పసరూ కోడిగుడ్డు సొనా పట్టించి, వెదురుబద్దలు పెట్టి బిగిస్తారు. కట్టు కట్టేవాడు ఎముక ఎక్కడ విరిగిందో ముందు వేళ్ళతో తడిమి చూస్తాడు. విజయావాళ్ళ ముగింపు తడమకుండా కట్టిన కట్టు. ఎక్కడ విరిగిందో సినిమాకు తెలుసు, మొదటి సగమంతా తడిమింది కూడా. కట్టు మాత్రం ఇంకొకచోట కట్టింది.

ఇది మనవాళ్ళ ఒక్కరి అలవాటా? అదే రోజుల్లో ఫ్రాన్సులో ఏం జరుగుతుండేదో చూడడం మంచిది. 1954లో పారిస్‌లో 'నాన్నా, అమ్మా, పనిమనిషీ, నేనూ' అనే అర్థం వచ్చే పేరుతో ఒక హాస్యచిత్రం వచ్చి బాగా ఆడింది. తీసినవాడు జాఁ పోల్ ల షనువా. ఈయన మన పాఠకులకు పరాయివాడు కాడు. 1930లలో కవి ప్రెవేర్ రచనలు ఆడిన 'అక్టోబర్ దళం' అనే కార్మిక నాటకబృందంలో పనిచేసినవాడు. 1936లో ఫ్రెంచి కమ్యూనిస్టు పార్టీ కోసం రెన్వార్ నాయకత్వాన తీసిన చిత్రంలో చెయ్యి వేసినవాడు. మన ప్రజానాట్యమండలి వాళ్ళు సినిమాలకు పోయినట్టే ఆయనా పోయాడు. నాటకబృందం నుంచి వచ్చినవాడు ఇంటింటి హాస్యచిత్రం తీస్తే దిగజారాడనే మాట అక్కడా పుట్టి ఉండవచ్చు. మనకు అది కొత్త కాదు.

కథ ఇలా ఉంటుంది. మోమార్త్ర్‌లో అమ్మానాన్నలతో ఉంటున్న యువకుడు. ఉద్యోగం పోతుంది. ఒక పేదపిల్లను ప్రేమిస్తాడు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేక, ఆమెను పనిమనిషిగా ఇంట్లో ప్రవేశపెడతాడు. రోబేర్ లామూరే అనే హాస్యనటుడు కొడుకు వేషం వేసి తానే కథ చెబుతుంటాడు. ఆ పిల్ల నికోల్ కూర్సెల్. మళ్ళీ అదే ప్రశ్న వేద్దాం: మారువేషం ఎందుకు? అక్కడ కూడా జవాబు అదే. ఉద్యోగం లేదు, ఇల్లు లేదు. 1954 ఫిబ్రవరి 1న ఆబే పియేర్ అనే మతాచార్యుడు రేడియోలో మాట్లాడి, చలికి వీధుల్లో చచ్చిపోతున్న నిర్వాసితుల కోసం దేశాన్ని కదిలించాడు. యుద్ధం తరువాత పారిస్‌లో కొత్త జంటకు గది దొరకడమే గగనం. మరుసటి సంవత్సరం ల షనువా దీనికి కొనసాగింపు తీస్తే అందులో పనిమనిషి స్థానంలో పేరులోనే 'నా భార్య' వచ్చింది.

అక్కడ పనిమనిషి ఎవరి తప్పిపోయిన కూతురూ కాదు. ఏ ప్రభువు ఇంట్లోనూ పుట్టలేదు. పేదపిల్లగానే ఇంట్లోకి వచ్చింది, పేదపిల్లగానే కోడలైంది. మారవలసినవాళ్ళు అమ్మానాన్నలే. సినిమా చాలా మెత్తనిది. పెద్ద విప్లవమేదీ లేదు, చివర అందరూ సుఖంగా ఉంటారు. అయినా ఆ ఒక్క విషయంలో ల షనువా ప్రేక్షకుణ్ణి నమ్మాడు. పుట్టుక గుర్తు చూపకుండా కూడా ఆ పిల్లను ఇంట్లో ఉంచుకుంటారని నమ్మాడు. వినోదచిత్రంలో అది సాధ్యం కాదనేవాళ్ళకు ఇదొక జవాబు.

మనవాళ్ళ దగ్గర పనిమనిషి వేషం పూర్తిగా విప్పారింది 1962లో, 'గుండమ్మ కథ'లో. దానికంటే ముందు 1957లో 'మాయాబజార్' ఉంది. ఘటోత్కచుడు పెళ్ళికూతురై శశిరేఖ పీటలమీద కూర్చున్న ఆ కథ కూడా ఆలోచిస్తే కుటుంబంలో ఒకరిని ఒకరుగా పొరబడే కథే. మేనరికం మాట ఇచ్చి, రాజ్యం పోయినవాడికి పిల్లనివ్వం అన్న ఇంటిమీద ఆడిన నాటకం. పింగళి దాన్ని పురాణంలో పెట్టాడు గనుక మన విమర్శకులు మాటల చమత్కారం దగ్గర ఆగిపోయారు. 1959లో వచ్చిన 'అప్పుచేసి పప్పుకూడు' పేరులోనే కారణం చెప్పేసింది. అక్కడ అప్పులవాడు గొప్పవాడుగా నటిస్తాడు. ఈ రెండిటి గురించీ వేరే రాయాలి.

'గుండమ్మ కథ' 1962 జూన్ 7న విడుదలైంది. కమలాకర కామేశ్వరరావు దర్శకుడు, మాటలు డి.వి. నరసరాజువి. విఠలాచార్య తీసిన కన్నడ చిత్రం దీనికి ఆధారం. గుండమ్మ సవతికూతురు లక్ష్మిని జీతంలేని పనిమనిషిగా వాడుకుంటుంది. సొంతకూతురు సరోజను నెత్తిన పెట్టుకుంటుంది. ధనవంతుడి పెద్దకొడుకు అంజి పేరుతో ఆ ఇంట్లో పనివాడుగా చేరతాడు. లక్ష్మి నిజమైన పనిమనిషి, కూతురు వేషంలో ఉంది. అంజి ధనవంతుడి కొడుకు, పనివాడి వేషంలో ఉన్నాడు. ఆడపిల్ల ఇంట్లో పని చేస్తే దాన్ని పని అని ఎవరూ అనరు. అదే రుబ్బురోలు దగ్గర నిక్కరు వేసుకొని రామారావు కూర్చుంటే థియేటరు థియేటరంతా చూసింది. రుబ్బడం అంటే పని అని మగవాడు చేసినప్పుడే తెరకు తెలిసింది. ఆ దృశ్యం నవ్వుకోసమే పెట్టారు. కాని ఆ నవ్వులో, ఎన్నో ఏళ్ళ తరువాత మన స్త్రీవాద రచయిత్రులు వంటింటి గురించి చెప్పిన మాట తొంగిచూస్తుంది.

సూర్యకాంతం గురించి ఒక మాట. గుండమ్మను గయ్యాళి అంటారు. షేక్‌స్పియర్ గయ్యాళి నాటకంతో పోలుస్తారు. గుండమ్మ మొగుడు పోయిన ఆడది. ఇల్లూ ఆస్తీ ఒంటిచేత్తో నిలబెట్టుకొస్తున్నది. నోరు లేకపోతే ఆమె ఆస్తి చుట్టుపక్కల ఉన్న గంటయ్యల పాలైపోయి ఉండేది. రమణారెడ్డి గంటయ్య ఆ ఇంటిచుట్టూ ఎందుకు తిరుగుతున్నాడో సినిమా మొదటినుంచీ చూపుతూనే ఉంది. ఆమె లక్ష్మికి చేసింది అన్యాయమే. ఆ అన్యాయానికి మూలం ఆమె స్వభావంలోనే ఉందని సినిమా అంటుంది. సూర్యకాంతం అలా వెయ్యలేదు. చివర ఛాయాదేవి వచ్చి గుండమ్మను ఆమె ఇంట్లోనే ఒక మూలకు నెట్టినప్పుడు, సూర్యకాంతం ముఖంలో కనిపించేది పశ్చాత్తాపం కంటే ముందు దిక్కులేనితనం. గయ్యాళి వేషం కింద ఉన్నది వితంతువు భయం అని దర్శకుడు చెప్పకపోయినా ఆమె చెప్పింది.

ఈ సినిమాల వెనక పనిచేసినవాళ్ళను కూడా మనం ఒకసారి లెక్కపెట్టాలి. 'మిస్సమ్మ' సీత జమున, ప్రజానాట్యమండలి గరికపాటి రాజారావు తీసిన 'పుట్టిల్లు'తో 1953లో సినిమాలకు వచ్చింది. చక్రపాణి, నాగిరెడ్డి కలిసి 1947లో పెట్టిన 'చందమామ'లో 1952 నుంచి 1980లో చనిపోయేదాకా కొడవటిగంటి కుటుంబరావు పనిచేశాడు. మధ్యతరగతి కుటుంబంలో డబ్బు చేసే పనిని కుటుంబరావంత నిర్దాక్షిణ్యంగా తెలుగులో ఇంకెవరు రాశారు? ఆయన కథల్లో పెళ్ళి, ఉద్యోగం, అప్పు ఎలా ముడిపడి ఉంటాయో ఈ సినిమాల మొదటి సగాల్లోనూ అలాగే ముడిపడి ఉంటాయి. ఒకరు ఇంకొకరికి నేర్పారని కాదు. అదే తరగతిని, అదే దశాబ్దంలో, ఒకే యజమానుల కొలువులో ఉన్నవాళ్ళు చూస్తున్నారు. కుటుంబరావు కథలను పాఠ్యగ్రంథాల్లో పెట్టి, ఈ సినిమాలను టీవీకి వదిలేసిన మన పంపకం సరైనది కాదు.

'మిస్సమ్మ' 1957లో హిందీకి 'మిస్ మేరీ'గా పోయింది. మీనాకుమారి మేరీ. పేరులో మేరీ నిలిచింది, కథలో ఆమె అక్కడా పుట్టింటి పేరుకే చేరింది. 'గుండమ్మ కథ' ఆ సంవత్సరమే తమిళంలో 'మనిదన్ మారవిల్లై' అయింది. దానికి చక్రపాణే దర్శకుడు. నాగేశ్వరరావు, సావిత్రి, జమున ఇందులోనూ ఉన్నారు. రామారావు స్థానంలో జెమినీ గణేశన్. అప్పటికి తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి పోయి రెండేళ్ళు దాటింది. తెలుగులో అంత ఆడిన కథ తమిళంలో ఆడలేదు. తమిళ గుండమ్మ సూర్యకాంతం కాదు.